సముద్రపు బల్లపరుపు పురుగునకు పేరు పెట్టు విధము

గ్రామమున ఒక భూమికి సర్వే నంబరును, సరిహద్దులును, అడంగలులో నమోదును లేనిచో తగవు వచ్చిననాడు దానిని నిరూపించుట కష్టము. సముద్రజీవుల విషయమునను ఇట్టి నియమమే కలదు. కంటబడిన ప్రాణి కొత్త జాతిగా చెల్లవలెనన్నచో నమూనా, వర్ణన, పేరు, ప్రకటన అను నాలుగును ఉండవలెను. బల్లపరుపు పురుగులను ఉదాహరణముగా గైకొని ఈ పద్ధతిని వివరింతుము.

గొఱ్ఱెల కార్జమునకు పట్టు జలగయు, మనుష్యుల ప్రేగులలోని బద్దెపురుగును ఈ వర్గమునకు చెందినవే. కాని సముద్రమున రాళ్లక్రిందను, పగడపు దిబ్బలపైనను స్వేచ్ఛగా తిరుగునవి పెక్కు కలవు. ఇవి ఆకువలె పలుచనివి. పెక్కింటి పొడవు కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. నోరు శరీరపు అడుగున ఉండును. మలద్వారము లేదు. ప్రేగు అనేక శాఖలుగా చీలియుండును. వీనిలో కొన్ని ఆల్చిప్పలలో దూరి లోపలి మాంసమును తినివేయును. ప్లానోసెరా అను ప్రజాతిలోని కొన్నింటియందు ప్రాణాంతకమగు విషము కలదు. మరికొన్ని మనకు ఏ హానియు చేయవు. కనుక ఒకదానిని మరియొకటిగా భ్రమించుట చిన్న పొరపాటు కాదు.

ఈ పురుగును ముట్టుకొనిన తునకలగును. సారాయములో వేసిన ముడుచుకొని రంగు కోల్పోవును. పూర్వము పెక్కు జాతులను అట్టి నమూనాలనుబట్టియే వర్ణించిరి. తరువాతివారు సజీవమైన పురుగును చూచి, అది పుస్తకములోనిదే అని పోల్చుకొనలేకపోయిరి.

ఆస్ట్రేలియాయందలి గ్రేట్ బారియర్ రీఫ్ అను పగడపు దిబ్బలలో లెస్లీ న్యూమన్, లెస్టర్ కానన్ అను శాస్త్రజ్ఞులు 1990 దశాబ్దమున ఈ చిక్కును తీర్చు మార్గమును అనుసరించిరి. మొదట సజీవమైన పురుగునకు ఫోటో తీసెడివారు. పిమ్మట దానిని కాగితముపైకి ప్రాకించి, గడ్డకట్టించిన ఫార్మలిన్ మందుపై ఉంచెడివారు. పురుగు ముడుచుకొనక చదునుగా నిలిచిపోవును. తూర్పు ఆస్ట్రేలియా, పపువా న్యూగినీ తీరముల పురుగులనుగూర్చి వారు 1994లో క్వీన్స్‌లాండ్ మ్యూజియం పత్రికయందు ప్రకటించిరి.

రంగు ఒక్కటియే చాలదు. సూడోసెరాస్, సూడోబైసెరాస్ అను రెండు ప్రజాతులు పైకి ఇంచుమించు ఒకటిగానే కనబడును. మొదటిదానికి పురుషాంగ రంధ్రము ఒకటి, రెండవదానికి రెండు. అందుచేత పురుగును మిక్కిలి సన్నని పొరలుగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో పరీక్షింతురు. ఇప్పుడు ఫార్మలిన్ తగులకముందే అంచునుండి చిన్నముక్క తీసి, సారాయములో దాచి, దాని డి.ఎన్.ఎ.ను కూడ పోల్చి చూచుచున్నారు.

పేరునకును చట్టము కలదు. స్వీడను దేశీయుడైన లిన్నేయస్ 1758లో వెలువరించిన గ్రంథము జంతువుల పేర్లకు మొదటి హద్దు. ప్రతి జాతికి రెండు మాటల పేరుండును. ఒకే జాతికి ఇద్దరు వేర్వేరు పేర్లు పెట్టినచో సాధారణముగా ముందు ప్రకటించినదే నిలుచును. ఏ నమూనానుబట్టి పేరు పెట్టిరో దానిని ప్రమాణముగా చూపవలెననుట 2000 సంవత్సరమునుండి తప్పనిసరి. ఆ నమూనాను మ్యూజియములో భద్రపరతురు. ముందు తరముల వారికి సందేహము కలిగినచో దానినే చూచి తేల్చుకొందురు.

మన దేశమున 1916లో స్థాపింపబడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జంతువుల నమూనాలను భద్రపరచుచున్నది. కొత్త జాతిని కనుగొనినవారు, ప్రభుత్వము నిర్ణయించిన సంస్థకు తెలిపి నమూనాను అప్పగింపవలెనని 2002 నాటి జీవవైవిధ్య చట్టము విధించుచున్నది. ఆ చట్టము ననుసరించియే స్థానిక సంస్థలలో జీవవైవిధ్య నిర్వహణ సంఘములు ఏర్పడుచున్నవి. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయుట ఆ సంఘముల పని.

తీరగ్రామముల పంచాయతీ సభ్యులకు మా మనవి యొక్కటే. పేరు పెట్టుట శాస్త్రజ్ఞుని పని. కాని ఏ రాతిక్రింద, ఏ ఋతువున, ఏ ప్రాణి కనబడునో ముందుగా ఎరిగినవాడు పల్లెకారుడు. వింత పురుగు కనబడినచో వట్టిచేతితో ముట్టక, చోటును, తేదీని, రంగును వ్రాసి, వీలైనచో ఫోటో తీసి ఉంచవలెను. ఆ సంగతులను రిజిస్టరునకెక్కించుట పంచాయతీకి తగిన కార్యము. చోటును తేదీయు తెలియని నమూనా, సరిహద్దులు వ్రాయని దస్తావేజు వంటిది.