ఐదంకెల మాట

మా అమ్మ మొదటిసారి సింగపూర్ వచ్చినప్పుడు ఆమె చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు, అంకెలు వచ్చు. అందుకని మొదటి పేజీలో నేను ‘ఇల్లు’ అని రాసి పక్కన ఐదంకెలు, ‘పెరుమాళ్ గుడి’ అని రాసి పక్కన ఇంకో ఐదంకెలు, ‘కూరగాయలు’ అని రాసి పక్కన మరో ఐదంకెలు వేసిచ్చాను. ఈ ఊళ్లో ప్రతి బస్‌స్టాపుకూ ఐదంకెల కోడ్ ఉంది. స్టాపు దగ్గరే అది కనిపిస్తుంది. ఫోన్‌లో ఆ ఐదంకెలు కొడితే ఏ బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో తెలుస్తుంది. వారం తిరక్కుండానే అమ్మ ఎవరి తోడూ లేకుండా గుడికి వెళ్లిరావడం మొదలుపెట్టింది.

రెండేళ్ల తర్వాత ఆమె మళ్లీ వచ్చేసరికి మా ఇంటి ముందు స్టాపు పేరు మారిపోయింది. ఏ భవనం పేరు ఆ స్టాపుకు పెట్టారో ఆ భవనమే లేకుండా పోయింది. అమ్మ మాత్రం పాత నోటుపుస్తకం తీసి, పాత ఐదంకెలే కొట్టి, ఎప్పటిలాగే బస్సెక్కింది. పేరు మారిన సంగతి ఆమెకు తెలియదు, తెలియాల్సిన పనీ పడలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్లు పనిచేశాక నేను గట్టిగా నమ్మే విషయం ఏమైనా ఉందంటే అది ఇదే. ఒక వస్తువుకు గుర్తుగా ఒక సంఖ్య ఇచ్చామంటే మాట ఇచ్చినట్టే.

యంత్రాల మధ్య సంభాషణ

బస్సు ఎక్కడుందో ఫోన్‌లోని యాప్‌కు సొంతంగా తెలియదు. అది సింగపూర్ ల్యాండ్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ వారి సర్వర్‌ను అడుగుతుంది. ఇలా ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంను ఏ పద్ధతిలో అడగాలో, జవాబు ఏ రూపంలో వస్తుందో ముందే కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఏపీఐ అంటారు. ఆ సంస్థ ‘డేటామాల్’ పేరుతో ఇలాంటి ఏపీఐలను నడుపుతోంది. తాళంచెవి లాంటి ఒక కీ తీసుకుంటే ఎవరైనా వాటిని వాడుకుని యాప్ తయారుచేసుకోవచ్చు.

అడిగే ప్రశ్న చాలా చిన్నది: ఫలానా కోడ్ ఉన్న స్టాపుకు ఏయే బస్సులొస్తున్నాయి? జవాబులో బస్సు నంబరు, నడిపే సంస్థ, వచ్చే సమయం, బస్సు ఇప్పుడున్న చోటు తాలూకు అక్షాంశ రేఖాంశాలు వస్తాయి. సీట్లు ఖాళీగా ఉన్నాయా, నిలబడాల్సి వస్తుందా, చక్రాల కుర్చీ ఎక్కుతుందా, డబుల్ డెక్కరా అన్నవీ ఉంటాయి. బస్సు ఎక్కడ బయల్దేరింది, ఎక్కడిదాకా పోతుంది అన్నది మాత్రం పేర్లతో రాదు, ఆ స్టాపుల కోడ్‌లు వస్తాయి. వాటి పేర్లు కావాలంటే యాప్ ఇంకో పట్టిక చూడాలి. ఏ కోడ్‌కు ఏ పేరు, ఏ రోడ్డు అన్నది అందులో ఉంటుంది. రెండు పట్టికలనూ కలిపే ముడి ఆ ఐదంకెలే.

ఆ రెండో పట్టికలో 5 వేలకు పైగా స్టాపులున్నాయి. సర్వర్ ఒకసారికి 500 వరుసలే ఇస్తుంది. అందుకని యాప్‌లు మొత్తం జాబితాను ముందే తెచ్చి తమ దగ్గర దాచుకుంటాయి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కోడ్ ఒకసారి బయటికి వెళ్లాక దాన్ని పుట్టించినవారి చేతిలో ఉండదు. వేరే సర్వర్లలో, ఎవరెవరి ఫోన్లలో ‘నాకు ఇష్టమైన స్టాపులు’ అన్న జాబితాలో, మా అమ్మ నోటుపుస్తకంలో దాని ప్రతులుంటాయి. వాటన్నిటినీ వెతికి దిద్దగల యంత్రం ఎక్కడా లేదు. అందుకే ఆ కోడ్ మారకూడదు.

పేరు ఎందుకు చాలదు

అంకెలెందుకు, స్టాపు పేరుతోనే అడగొచ్చు కదా అని కొత్తగా పనిలో చేరిన పిల్లలు అడుగుతుంటారు. వాళ్లకు నేను విక్టోరియా స్ట్రీట్‌లోని 01012 స్టాపును చూపిస్తాను. దాని పేరు ‘హోటల్ గ్రాండ్ పసిఫిక్’. ఆ హోటల్‌నే ఒకప్పుడు ఆల్సన్ హోటల్ అనేవారు. అదే వీధిలో 01013కు సెయింట్ జోసెఫ్ చర్చి పేరు, 01019కి బ్రాస్ బసా కాంప్లెక్స్ పేరు ఉన్నాయి. ఇక్కడ స్టాపుల పేర్లన్నీ దాదాపు ఇంతే. పక్కనున్నదాన్ని బట్టి ఫలానా బ్లాకు ఎదురుగా, ఫలానా రోడ్డు దాటాక, ఫలానా స్కూలుకు ముందు అని ఉంటాయి. మన ఊళ్లలో ‘రామాలయం ఎదురు సందు, పెద్ద వేపచెట్టు పక్క ఇల్లు’ అని చెప్పుకున్నట్టే. చెట్టు కొట్టేసిన రోజున ఆ చిరునామా అర్థం లేనిదవుతుంది, ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది.

మనుషుల పేర్లదీ అదే కథ. శ్రీనివాస్ అన్న పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాసేవాళ్లు నాకు తెలుసు. ఇంటిపేరు ముందు వస్తుందా, వెనక వస్తుందా, ఒక్క పొడి అక్షరంగా మిగులుతుందా అన్నది ఒక్కో ఫారంలో ఒక్కోలా ఉంటుంది. పేరు పిలవడానికి పుట్టింది. వెతికి పట్టుకోవడానికి, రెండు జాబితాలు కలపడానికి దానికంత నిలకడ ఉండదు.

పోయిన సున్నా

నేను మొదట్లో రాసిన ఒక ప్రోగ్రాంలో ఊరి చివరి స్టాపులన్నీ చక్కగా పలికేవి. నగరం నడిబొడ్డున ఉన్న కొన్నిటికి మాత్రం జవాబే వచ్చేది కాదు. సర్వర్‌లో తప్పేమో, నెట్‌వర్క్‌లో తప్పేమో అని రెండు రాత్రులు వెతికాను. చివరికి దొరికింది మధ్యలో వాడిన ఒక స్ప్రెడ్‌షీట్. అది 01012ను సంఖ్య అనుకుని ముందున్న సున్నాను తీసేసింది. 1012 అన్న స్టాపు ఎక్కడా లేదు. సున్నాతో మొదలయ్యే కోడ్‌లన్నీ నగర మధ్యలోవే కాబట్టి అక్కడి స్టాపులు మాత్రమే మాయమయ్యాయి.

ఆ రెండు రాత్రులు నాకు నేర్పింది ఇది. ఐడీ, అంటే ఒక వస్తువుకు గుర్తుగా ఇచ్చిన కోడ్, అంకెల్లో కనిపించినా సంఖ్య కాదు. మనం దాన్ని కూడం, తీసివెయ్యం, హెచ్చవేయం. అది అక్షరాలతో రాసిన మాటలాంటిది, సున్నా కూడా అందులో ఒక అక్షరమే. అందుకే ఏపీఐ రాసేవారు ఐడీని అక్షరాల వరుసగానే పంపాలి, తీసుకునేవారు అక్షరాల వరుసగానే దాచుకోవాలి.

అంకెల్లో అర్థం నింపితే

సింగపూర్‌లో 1950లో తపాలా జిల్లాలకు రెండంకెల కోడ్‌లొచ్చాయి. 1979లో అవి నాలుగంకెలయ్యాయి, 1995లో ఆరంకెలయ్యాయి. 1972 ఆగస్టు 15న మొదలైన మన పిన్‌కోడ్‌కూ ఆరంకెలే. కానీ మన పిన్‌కోడ్ ఒక పోస్టాఫీసు పరిధిని చెబితే, ఇక్కడి ఆరంకెలు దాదాపుగా ఒక్కో భవనాన్నే చెబుతాయి. ప్రభుత్వ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఎత్తయిన ఫ్లాట్ల బ్లాకుల్లో చివరి అంకెలు చూస్తే చాలావాటికి బ్లాకు నంబరే తెలిసిపోతుంది. ఉత్తరాలు పంచేవారికి ఇది గొప్ప సౌకర్యం. దానికి ఖరీదూ ఉంది. కోడ్ చెప్పాల్సిన సంగతి పెరిగినప్పుడల్లా కోడే మారాల్సి వచ్చింది, దాంతోపాటు ఊరందరి చిరునామాలూ మారాయి.

అంకెల్లో అర్థం ఉండి కూడా మాట తప్పకుండా నిలబడ్డ ఉదాహరణ ఎంఆర్‌టీ రైలు స్టేషన్లలో ఉంది. నార్త్ సౌత్ లైన్‌లో సెంబావాంగ్ స్టేషన్ ఎన్‌ఎస్ 11. ఏళ్ల తరబడి దాని తర్వాతి స్టేషన్ ఈషున్, ఎన్‌ఎస్ 13. మధ్యలో 12 ఉండేది కాదు. ఎప్పటికైనా అక్కడొక స్టేషన్ రావచ్చని ఆ అంకెను ఖాళీగా ఉంచారు. 2019 నవంబరు 2న కాన్‌బెర్రా స్టేషన్ తెరుచుకుని ఆ చోట్లో కూర్చుంది. ఈషున్‌తో మొదలుపెట్టి ఆ లైన్ చివరిదాకా ఒక్క స్టేషన్ కోడ్‌నూ మార్చాల్సిన అవసరం రాలేదు. అదే లైన్‌లో ఎన్‌ఎస్ 6 ఇప్పటికీ రాబోయే సుంగై కాదుట్ స్టేషన్ కోసం ఎదురుచూస్తోంది. వరుసక్రమాన్ని అంకెల్లో పెట్టాలనుకుంటే, పుట్టబోయేవారికి కూడా పీట వేసి ఉంచాలి. అంత ముందుచూపు లేనప్పుడు అర్థం లేని అంకెలు ఇవ్వడమే క్షేమం.

మనిషి నంబరు మారితే

ఇక్కడికి ఉద్యోగానికొచ్చిన మనలాంటివారికి ఎఫ్, జీ, ఎం అక్షరాల్లో ఏదో ఒకదానితో మొదలయ్యే ఫిన్ నంబరు ఉంటుంది. తర్వాత శాశ్వత నివాసం దొరికితే ఎస్ లేదా టీతో మొదలయ్యే ఎన్‌ఆర్‌ఐసీ నంబరు వస్తుంది. మనిషి అదే, నంబరు కొత్తది. నాకు అలా మారినప్పుడు ఒక సంస్థ రికార్డుల్లో నేను ఇద్దరినయ్యాను. పాత నంబరు మనిషికి పదేళ్ల చరిత్ర ఉంది, కొత్త నంబరు మనిషి నిన్ననే పుట్టాడు. వాళ్ల డేటాబేస్‌లో ఆ ప్రభుత్వ నంబరునే మనిషిని గుర్తించే అసలు ఐడీగా వాడారు. ఇద్దరినీ ఒకరిని చేయడానికి మూడు నెలలు పట్టింది. వాళ్లు మొదటిరోజే నాకు తమ సొంత ఐడీ ఒకటి ఇచ్చుకుని, ఫిన్ నంబరును ఫోన్ నంబరులాగా మారగల ఒక వివరంగా మాత్రమే రాసుకుని ఉంటే ఒక్క గడి దిద్దితే సరిపోయేది.

మారని నంబరుకు ఇంకో ప్రమాదమూ ఉంది. అది ఎప్పుడూ మారదు కాబట్టి దాన్నే రహస్య సంకేతంగా వాడాలని కొందరికి ఆశ పుడుతుంది. ఐడీ ‘ఎవరు’ అన్నదానికి జవాబు. ‘నిజంగా నువ్వేనా’ అన్నదానికి జవాబు పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోవచ్చు, ఐడీని మార్చుకోలేం. చట్టం అవసరమన్న సందర్భాల్లాంటివి తప్ప సంస్థలు ఎన్‌ఆర్‌ఐసీ నంబర్లు సేకరించకూడదని 2019 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడ కట్టడి చేయడం వెనక ఈ ఎరుక ఉంది.

సంచి మారినా సరుకు మారలేదు

బస్సుల ఏపీఐ కూడా ఇప్పటికి మూడు అవతారాలెత్తింది. మొదటిదానిలో ప్రశ్న అడిగే గడిని ‘బస్‌స్టాప్ ఐడీ’ అనేవారు. రెండోదానిలో అది ‘బస్‌స్టాప్ కోడ్’ అయింది. మూడోదానికి వెబ్ చిరునామాలోనే 3 అన్న గుర్తు చేరింది. ప్రతిసారీ ప్రోగ్రాములు రాసేవాళ్లం కొన్ని వరుసలు దిద్దుకున్నాం. కానీ ఆ మూడింటి వివరణ పత్రాల్లోనూ ఉదాహరణగా ఇచ్చిన స్టాపు ఒక్కటే: 83139. అడిగే తీరు మారింది, అడిగే వస్తువు గుర్తు మారలేదు. ఏపీఐ మారక తప్పదు, కానీ మార్పు ఎంతవరకు అన్నదానికి ఇంతకంటే మంచి గీత నాకు కనిపించలేదు.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే వెబ్ చిరునామాల గురించి ఈ మాట చెప్పారు: మంచి చిరునామా మారదు. ఆయన మాటకు నా అనుభవం నుంచి నాలుగు చేరుస్తాను. ఒక వస్తువుకు ఇచ్చిన ఐడీని ఆ వస్తువు పోయినా ఇంకొకదానికి ఇవ్వకూడదు. పోయినదాని గురించి అడిగితే ‘ఉండేది, ఇప్పుడు లేదు’ అని చెప్పాలి. వెబ్‌లో అందుకోసం 410 అనే జవాబు ప్రత్యేకంగా ఉంది. జాబితాలో ఎన్నోది అన్నదాన్ని ఐడీగా వాడకూడదు, ఎందుకంటే పైన ఒకటి చేరితే కిందవన్నీ జరుగుతాయి. చివరిది, ఆ ఐడీని ఎవరు, ఎక్కడ రాసుకుంటారో ముందే ఆలోచించాలి.

చివరి నియమాన్ని చాలామంది మరిచిపోతారు. నేడు యంత్రాలు తమకు తాము పుట్టించుకునే యూయూఐడీ అనే ఐడీ ఉంది. 128 బిట్ల పొడవు, రాస్తే 36 అక్షరాలు. ఇద్దరు ఒకరినొకరు అడక్కుండానే చెరొకటి పుట్టించుకున్నా రెండూ ఒకటయ్యే అవకాశం లేనట్టే. యంత్రాల మధ్య నడిచే పనికి అంతకన్నా నమ్మకమైనది లేదు. అయితే బస్‌స్టాపు స్తంభం మీద దాన్ని చదివి, గుర్తుపెట్టుకుని, వేలితో కొట్టడం మనుషులకు సాధ్యం కాదు. ఐదంకెలైతే సాధ్యం.

అమ్మ పోయిన సంవత్సరం మూడోసారి వచ్చింది. ఒకరోజు నోటుపుస్తకం బల్ల మీద తెరిచి ఉంటే చూశాను. నేను రాసిన వరుసల కింద కొత్తగా ఇంకొకటి ఉంది. వణుకుతున్న చేతిరాతతో ‘పార్కు’ అని రాసి, పక్కన సున్నాతో సహా ఐదంకెలు వేసుకుంది. ఎవరిని అడిగి రాశావమ్మా అన్నాను. “ఎవరిని అడగాలిరా? ఆ స్తంభం మీదే ఉందిగా” అంది.