ఏ దిక్కునకు పోదును?

కాందిశీకుడను మాటలోనే ఒక ప్రశ్న యిమిడియున్నది. ‘ఏ దిక్కునకు పోదును?’ అని తల్లడిల్లువాడు గనుక వాని కా పేరు వచ్చెనని పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. భయముచే పరుగిడువాడని అమరసింహుడు అర్థము వ్రాసెను. దేశవిభజన కాలమున తెలుగు పత్రికలలో తరచుగా కనిపించిన యీ మాట నేడు వాడుక తప్పినది. దాని చోట శరణార్థి యను మాట వచ్చి కూర్చున్నది. శరణార్థి యనగా అర్థించువాడు. కాందిశీకుడు త్రోవ వెదకుకొనువాడు. మొదటివానికి అన్నము పెట్టిన చాలునని తోచును. రెండవవానికి త్రోవ చూపవలసియుండును.

దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొను పల్లెటూరి యువకులును, ఎల్.బి.నగర్ కూడలిలో బస్సు దిగి పని వెదకుకొను కుటుంబములును ఊరు విడిచి వచ్చినవారే. కాని వారికి పండుగకు పోవుటకు వెనుక నొక ఊరున్నది. ఆ కూడలికి కొలది మైళ్ల దూరమున బాలాపూరు కలదు. వినాయకుని లడ్డు వేలము మూలమున ఆ పేరు తెలుగువారందరికి పరిచితమే. 1994లో 450 రూపాయలు పలికిన ఆ లడ్డు 2024 నాటికి 30 లక్షలు దాటినది! ఆ బాలాపూరు పరిసరములలోనే రొహింగ్యాలు కొన్ని వేలమంది గుడిసెలలో బ్రదుకుచున్నారు. మయన్మారునందలి రఖైను రాష్ట్రమున 2012లో హింసాకాండ చెలరేగిన పిమ్మట వచ్చినవారు వీరిలో అనేకులు. 1982 నాటి పౌరసత్వ శాసనము వీరిని పుట్టిన గడ్డమీదనే పరాయివారిని చేసినది. చెత్త యేరుట, కూలికి పోవుట, ఇవియే పలువురి జీవనాధారములు. హైదరాబాదునందలి కోవా సంస్థ ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థతో చేయి కలిపి వీరికొరకు పాటుపడినది.

ఇట్టి సేవకు లోకమున బహుమానములు లేకపోలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 1954లో నాన్సెన్ పేర నొక బహుమానము నెలకొల్పి, మొదట ఎలినార్ రూజ్‌వెల్టునకు సమర్పించెను. మన దేశమున, సహకారోద్యమమునందును హస్తకళలయందును కృషి చేసిన కమలాదేవి చటోపాధ్యాయకు 1966లో మెగసేసే బహుమానము లభించెను. వాయవ్య సరిహద్దు రాష్ట్రమునుండి తరలివచ్చిన కాందిశీకులు ఫరీదాబాదులో గుత్తేదారుల చేతికి పని అప్పగింపక, తమ యిండ్లను తామే కట్టుకొనిరి. ఆ యత్నము వెనుక ఆమె స్థాపించిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ నిలిచినది. పార పట్టినవాడే ఇంటి యజమాని యగుట సామాన్య విషయము కాదు. అయితే వారు ఈ దేశపు పౌరులు. వారికి ఓటు కలదు, అప్పు పుట్టును.

బర్మానుండి వచ్చిన తెలుగువారి కథయు నట్టిదే. కోరంగి రేవునుండి వచ్చినవారని బర్మీయులు మనవారిని కోరంగీలనిరి. 1962లో సైనిక ప్రభుత్వ మేర్పడి, వర్తకము జాతీయము కాగా, వారిలో పెక్కండ్రు కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. బర్మా, సింహళములనుండి మరలివచ్చినవారి పునరావాసమునకై 1969లో మద్రాసున రెప్కో బ్యాంకు నెలకొల్పబడినది. దానమునకు బదులు అప్పు దొరకినది. అప్పు తీర్చువాడు తల యెత్తుకొని తిరుగును.

అదే బర్మానుండి వచ్చిన రొహింగ్యా కా త్రోవ లేదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారతదేశము సంతకము చేయలేదు. ఐక్యరాజ్యసమితి యిచ్చు కార్డును చూపి ఆధారు పొందుటకు వీలులేదు. ఆధారు లేనిదే బ్యాంకు ఖాతా తెరచుట దుర్ఘటము. ఎంత మంచి సంస్థయైనను ఒక స్త్రీకి కుట్టుపని నేర్పగలదు, మిషను కొనియీయగలదు. ఆమె పేర దుకాణము వెలయుటకు కావలసిన కాగితము దాని చేతిలో లేదు. ఎన్ని మిషనులు పంచిరో లెక్కించుట బహుమాన నిర్ణేతలకు సులభము. ఎందరు ఆ సంస్థ గడప తొక్కనక్కరలేని స్థితికి వచ్చిరో విచారించుట కష్టము; ఎందరు ఏ కారణమున రాలేకపోయిరో విచారించుట మరింత కష్టము.

నాన్సెను మహాశయుని కీ సంగతి బాగుగా తెలియును. నానాజాతి సమితి పక్షమున 1921లో కాందిశీకుల భారము వహించిన ఆ నార్వే దేశీయుడు అన్నవస్త్రములతో ఊరకుండక, దేశము లేనివారికి గుర్తింపు పత్రము కల్పించెను. యేబదికి పైబడిన దేశములు దాని నంగీకరించెను. నబొకోవ్, స్ట్రావిన్‌స్కీ మొదలగువా రా పత్రముతోనే సరిహద్దులు దాటిరి.

బాలాపూరు గుడిసెలలోని కార్డులమీదను పేరును, ఛాయాచిత్రమును గలవు. వానితోపాటు గడువు తేదీయు ముద్రింపబడియుండును.