తగరం తిరిగి రాయిగా మారితే

కొంటా పట్టణం శబరీ నది ఒడ్డున ఉన్నది. చింతూరు దాటి సరిహద్దు చేరగానే కనిపించే ఈ ఊరిలో తెలుగు మాట విరివిగానే వినిపిస్తుంది. అడవుల నడుమనున్న ఈ సీమకూ, ఓడ ఇంజనుకూ సంబంధమేమిటని పాఠకులు సందేహించవచ్చును. ఆ సంబంధం తగరానిది. కొంటా నుండి సుక్మా మీదుగా జగదల్‌పూరుకు పోయే రహదారిపై తోంగ్‌పాల్ వస్తుంది. ఆ పరిసరాల కంకరను గిరిజనులు నీటిలో కడిగి, నల్లని బరువైన ఖనిజాన్ని వేరుచేస్తారు. అదే కాసిటరైట్, అనగా తగరపు ఆక్సైడు.

ఓడల పెద్ద బేరింగులలో పోసే తెల్ల లోహంలో అధిక భాగం తగరమే. ఐజాక్ బాబిట్ 1839లో పేటెంటు పొందిన ఈ కోవకు చెందిన మిశ్రమంలో ఆంటిమొనీ, రాగి కూడా చేరుతాయి. మెత్తనిది గనుక ఇసుక రేణువును తనలో ఇముడ్చుకొని షాఫ్టును కాపాడుతుంది. నూనె చెడినప్పుడు పుట్టే ఆమ్లాలకు సీసం లొంగినంత సులభంగా తగరం లొంగదు. అందుచేత దీనికి క్షయభయం లేదనుకోవడం కద్దు. అది సగమే నిజం.

కందెన నూనెలో ఉప్పునీరు చేరితే తగరం ఆక్సైడుగా మారి, బేరింగుపై నల్లని పెంకు కడుతుంది. వాగులో గిరిజనులు ఏరే పదార్థమే ఇంజను గదిలో మరల పుడుతున్నదన్నమాట! మోస్ మానంలో కాసిటరైట్ కాఠిన్యం 6 నుండి 7. స్క్రేపరు దానిపై జారిపోతుంది. పైగా తగరం కన్న ఆక్సైడు సుమారు 30 శాతం అధికంగా చోటు ఆక్రమిస్తుంది. 400 మిల్లీమీటర్ల షాఫ్టుకు విడిచే సందు దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే. అది పూడుకొనిపోతే నూనె ప్రవాహం తగ్గి, వేడి పెరిగి, షాఫ్టుపై గీతలు పడతాయి. నడిసముద్రంలో ఇంజను ఆపవలసి వస్తుంది.

నీరు వచ్చే దారులలో కూలరు ముఖ్యమైనది. సాధారణంగా అందులో నూనె పీడనాన్ని సముద్రజల పీడనం కన్న హెచ్చుగా ఉంచుతారు. గొట్టం చిల్లుపడినా నూనే బయటికి పోతుంది. రేవులో నూనె పంపు ఆపి, నీటి పంపును మరచితే మాత్రం ప్రవాహం తిరగబడుతుంది. ప్యూరిఫయరు నీటిని వేరుచేస్తుందే గాని చిల్లును పూడ్చదు. కనుక నూనె పరీక్షలో నీటి శాతంతోపాటు క్లోరైడును కూడా చూడడం అవసరమని నా అభిప్రాయం.

పెంకు దట్టంగా కట్టిన బేరింగును గీకి సరిచేయబూనడం వృథా. పాత లోహాన్ని కరిగించి తీసి, చిప్పకు తగరపు పూత పట్టించి, కొత్త లోహం పోయవలసిందే. అందుకు కావలసిన తగరంలో మన దేశానికి అధిక భాగం దిగుమతుల ద్వారానే వస్తున్నది. బస్తరు వాగులిచ్చేది కొద్దిపాటి మాత్రమే.