డేటా సీరియలైజేషన్ ఫార్మాట్ ఎంపిక

కంప్యూటరు మెమరీలో ఉన్న సమాచారాన్ని ఫైలులో భద్రపరచడానికి గాని, మరొక కంప్యూటరుకు పంపడానికి గాని వీలుగా ఒక వరుస క్రమంలో పేర్చడాన్ని '''డేటా సీరియలైజేషన్''' అంటారు. ఆ క్రమాన్ని నిర్దేశించే నియమావళిని ఫార్మాట్ అంటారు. ఎక్స్‌ఎంఎల్, జేసన్, యామల్, ప్రోటోకాల్ బఫర్స్ ఇందుకు ఉదాహరణలు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో సమాచారాన్ని ఎవరు చదువుతారో, ఎవరు దిద్దుతారో ముందుగా తెలియదు. అందువలన ఫైలు పరిమాణం, వేగాల కంటే ముందు, దానిని తయారుచేసిన ప్రోగ్రాము లేకపోయినా ఆ ఫైలు అర్థమవుతుందా అన్నది పరిశీలించవలసి ఉంటుంది.

== ఉదాహరణ: నయాపూల్ ==
హైదరాబాదులో మూసీ నదిపై అఫ్జల్‌గంజ్‌ను పాతబస్తీలోని మదీనా కూడలి వైపుతో కలిపే వంతెన నయాపూల్. ఉర్దూలో ఈ పేరుకు కొత్త వంతెన అని అర్థం. దీనిని ఒక స్వేచ్ఛా పటంలో నమోదు చేయాలంటే తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పేర్లు, అక్షాంశ రేఖాంశాలు, నగరపు టెలిఫోను కోడు అవసరమని అనుకుందాం. ఇంత చిన్న నమోదులోనే ఫార్మాట్ల గుణదోషాలు తెలుస్తాయి.

* '''పేరు:''' యూనికోడ్ ప్రకారం ‘నయాపూల్’ అనే మాటలో 7 సంకేతాలున్నాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున 21 బైట్లు పడతాయి. కొన్ని జేసన్ లైబ్రరీలు తెలుగు అక్షరాలకు బదులు వాటి సంఖ్యా సంకేతాలను రాస్తాయి. అప్పుడు అదే పేరు 42 బైట్లవుతుంది. కంప్యూటరుకు అర్థం మారదు గాని, ఫైలు తెరిచిన మనిషికి పేరు కనిపించదు. వేర్వేరు వ్యవస్థల మధ్య పంపే జేసన్ యూటీఎఫ్-8లోనే ఉండాలని 2017లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 8259 నిర్దేశించింది.
* '''టెలిఫోను కోడు:''' హైదరాబాదు కోడు 040. యామల్ 1.1లో దీనిని కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే సున్నాతో మొదలైనందున అష్టాంశ సంఖ్యగా భావించి 32గా చదువుతుంది. 2009 నాటి యామల్ 1.2 దానినే 40గా చదువుతుంది. రెండింటిలోనూ మొదటి సున్నా పోతుంది. జేసన్‌లో సున్నాతో మొదలయ్యే ఇటువంటి సంఖ్యను రాయడానికే వీలులేదు. కోడులను సంఖ్యగా కాక అక్షర పాఠంగా నమోదు చేయడం దీనికి పరిష్కారం.
* '''స్థానం:''' నయాపూల్ సుమారు 17.37 ఉత్తర అక్షాంశం, 78.47 తూర్పు రేఖాంశం వద్ద ఉంది. 2016లో ప్రమాణీకరించబడిన జియోజేసన్‌లో రేఖాంశాన్ని ముందు రాయాలి. వాడుకలో చాలామంది అక్షాంశాన్ని ముందు చెబుతారు. ఈ వరుస తారుమారైతే నయాపూల్ ఉత్తర ధ్రువ ప్రాంతంలోని నార్వే దీవుల సముదాయం స్వాల్‌బార్డ్‌లో కనిపిస్తుంది. ఫైలులో వ్యాకరణ దోషం ఏదీ లేనందున ప్రోగ్రాము దీనిని తప్పుగా గుర్తించకపోవచ్చు.

== పాఠ్య, ద్వియాంశ ఫార్మాట్లు ==
ఎక్స్‌ఎంఎల్ 1998లో ప్రమాణంగా వెలువడింది. ఇది విస్తారమైనది, కాని ప్రతి అంశానికీ పేరు వెంటే ఉంటుంది. జేసన్ క్లుప్తమైనది, అయితే అందులో వ్యాఖ్యలు రాసే వీలు లేదు. ఈ రెండింటినీ సాధారణ ఎడిటరులో తెరచి చదవవచ్చు. గూగుల్ 2008లో ఓపెన్ సోర్సుగా విడుదల చేసిన ప్రోటోకాల్ బఫర్స్ ద్వియాంశ ఫార్మాట్. ఇందులో అంశాల పేర్లకు బదులు సంఖ్యలుంటాయి. ఆ సంఖ్యల అర్థాన్ని తెలిపే వివరణ ఫైలును విడిగా భద్రపరచాలి. ఒకసారి వాడిన సంఖ్యను తరువాత మరో అంశానికి కేటాయించరాదు. అలా చేస్తే పాత ఫైళ్ళు తప్పు అర్థమిస్తాయి.

2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఈ సమస్యకు చూపిన పరిష్కారం గమనించదగినది. తొలినుంచీ వాడుతున్న ఎక్స్‌ఎంఎల్‌ను ఆ ప్రాజెక్టు విడిచిపెట్టలేదు. పటమంతటినీ దించుకొనేవారి కోసం ప్రోటోకాల్ బఫర్స్‌పై ఆధారపడిన పీబీఎఫ్ ఫార్మాట్‌ను అదనంగా చేర్చుకుంది. మళ్ళీమళ్ళీ వచ్చే పదాలను ఒక పట్టికలో ఒక్కసారే రాసి, స్థానాలను పక్కపక్క బిందువుల మధ్య తేడాలుగా నమోదు చేయడం వలన పీబీఎఫ్ ఫైళ్ళు చిన్నవవుతాయి. పేరుకు భాషా సంకేతం జతచేసే పద్ధతి వలన ఒకే స్థలానికి తెలుగు, ఉర్దూ పేర్లు రెండూ రెండు ఫార్మాట్లలోనూ నిలుస్తాయి.

== తెలుగు అనుభవం ==
యూనికోడ్ వ్యాప్తికి ముందు పలు తెలుగు వార్తా వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లను వాడేవి. ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేత పద్ధతి ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వార్త అర్థంలేని అక్షరాలుగా కనబడేది, వెతకడానికీ వీలయ్యేది కాదు. ఇటువంటి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి ఫైర్‌ఫాక్స్ విహరిణికి ‘పద్మ’ అనే పొడిగింత తయారైంది. సమాచారం చెడిపోకపోయినా, దానిని చదివే నియమం అందరికీ అందుబాటులో లేకపోతే అది పోయినదానితో సమానమని ఈ అనుభవం తెలుపుతుంది.

== ఎంపికలో పాటించదగినవి ==
# ఫార్మాట్ నియమావళి బహిరంగంగా ఉండాలి, ఒకటి కంటే ఎక్కువ ప్రోగ్రామింగ్ భాషలలో దానిని చదివే లైబ్రరీలుండాలి.
# మనుషులు దిద్దే ఫైళ్ళకు పాఠ్య ఫార్మాట్ మేలు. పరిమాణం, వేగం నిజంగా అడ్డంకి అయినప్పుడు ద్వియాంశ ఫార్మాట్‌ను అదనంగా చేర్చవచ్చు.
# ప్రతి ఫైలులో ఫార్మాట్ సంచిక సంఖ్యను నమోదు చేయాలి.
# అపరిచితుల నుండి వచ్చే ఫైళ్ళకు పైథాన్ భాషలోని పికిల్ వంటివి వాడరాదు. అటువంటి ఫైలును తెరిచినప్పుడు అందులో దాచిన హానికర ఆదేశాలు అమలు కావచ్చు.
# నిర్ణయానికి ముందు తెలుగు, ఉర్దూ పేర్లు, సున్నాతో మొదలయ్యే కోడులు, దశాంశ స్థానాలు ఉన్న ఒక నమోదును రాసి, తిరిగి చదివి, రెండూ ఒకటేనా అని సరిచూడాలి.

== ఇవి కూడా చూడండి ==
* యూనికోడ్
* ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్
* మూసీ నది