అణు ఇంధన శుద్ధి: భద్రతకు పూచీ ఎవరిది?

జమాఖర్చులు వ్రాసిన గుమాస్తాయే ఆ లెక్కలను తనిఖీ చేయరాదన్నది వ్యాపారము తెలిసిన వారందరు ఎరిగిన నియమము. గుమాస్తా దొంగ యని కాదు. తన పొరపాటు తన కంటికి సులభముగా కానరాదు కనుక. ఈ చిన్న నియమమును అణుశక్తి వంటి పెద్ద పరిశ్రమకు వర్తింపజేయుటకు బ్రిటనులో సుమారు ఇరువది సంవత్సరములు పట్టెను. ఇంగ్లండు వాయవ్య భాగమున, ఐరిష్ సముద్రపు ఒడ్డున ఉన్న సెల్లాఫీల్డు కర్మాగారము ఇందుకు చక్కని ఉదాహరణము. దాని తొలి పేరు విండ్‌స్కేలు.

అక్కడ జరిగిన పని యేమి? రియాక్టరులో వాడిన యురేనియము కడ్డీలను కొంతకాలము నీటి కొలనులలో చల్లార్చి, పిమ్మట నత్రికామ్లములో కరగించెదరు. ఆ ద్రావణము నుండి యురేనియమును, ప్లుటోనియమును వేరుచేయగా మిగులునది తీవ్రమైన రేడియోధార్మికత గల వ్యర్థ ద్రవము. అది తనంతట తానే వేడెక్కుచుండును. కనుక దానిని నింపిన తొట్లను రాత్రింబవళ్లు, ఒక్క దినమైనను సెలవు లేక, చల్లబరచుచుండవలెను. ఈ పనియంతయు దళసరి కాంక్రీటు గోడల వెనుక, మనుష్యుడు అడుగుపెట్టజాలని గదులలో జరుగును. లోపలి సంగతి కంటికి కానరాదు. పరికరము చెప్పవలెను, మనుష్యుడు దానిని ఆలకింపవలెను.

ఆ చల్లదనము తప్పినచో ఏమగునో 1957 సెప్టెంబరు 29న సోవియట్ దేశములోని మాయక్ కర్మాగారమున లోకమునకు తెలిసియుండవలసినది. అక్కడ వ్యర్థ ద్రవముతో నిండిన తొట్టి ఒకటి, చల్లార్చు ఏర్పాటు చెడిపోవుటచే, పేలిపోయెను. వేలాది గ్రామీణులు ఇండ్లు విడువవలసి వచ్చెను. కాని సోవియట్ ప్రభుత్వము ఆ సంగతిని 1989 వరకు అధికారికముగా అంగీకరింపలేదు.

మాయక్ ప్రమాదము జరిగిన పదునొకండు దినములకు, అక్టోబరు 10న, విండ్‌స్కేలులో నిప్పు కనబడెను. అది శుద్ధి శాలలో కాదు. దాని ప్రక్కనే ప్లుటోనియము తయారు చేయు రియాక్టరులో. చుట్టుపట్ల సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర ఆవుల పాలను పారబోయించిరి. ప్రభుత్వము వెంటనే విచారణ జరిపించెను. కాని విచారణకు అధ్యక్షుడైన సర్ విలియం పెన్నీ ఆ కర్మాగారమును నడపు అణుశక్తి అథారిటీకి చెందినవాడే. ఆయన నివేదికను ప్రధానమంత్రి మాక్మిలన్ పూర్తిగా వెలువరింపనీయలేదు. సారాంశము మాత్రము ఆ నవంబరులో ప్రకటింపబడెను. పూర్తి పాఠము 1988లో గాని ప్రజలకు అందలేదు. మాయక్ మౌనముతో పోల్చిన ఇది మేలే, ఐనను చాలదు.

ఈ అగ్నిప్రమాదము తరువాత 1959లో బ్రిటిష్ పార్లమెంటు అణు సంస్థల లైసెన్సు చట్టమును చేసెను. 1960లో అణు సంస్థల ఇన్‌స్పెక్టరేటు ఏర్పడెను. అయితే ఇందు ఒక విచిత్రము కలదు. ఏ కర్మాగారములో ప్రమాదము జరిగెనో, ఆ కర్మాగారమునే ఈ చట్టము లైసెన్సు నుండి మినహాయించెను. ఏలయన అది ప్రభుత్వ అథారిటీది! 1971లో ఆ పని బ్రిటిష్ న్యూక్లియర్ ఫ్యూయల్స్ అను కంపెనీకి మారిన పిమ్మటనే అది బయటి ఇన్‌స్పెక్టర్ల చేతిలోనికి వచ్చెను.

ఈ పర్యవేక్షణ పద్ధతిని కొంచెము వివరింతము. లైసెన్సుతో పాటు 36 షరతులు ఉండును. భద్రతకు పూచీ నడపువారిదే. ఇన్‌స్పెక్టరు ఆ భారమును తన తలపైకి ఎత్తుకొనడు. "ఇది సురక్షితమని మీరెట్లు ఎరుగుదురు? రుజువు చూపుడు" అని అడుగుటయే ఆయన పని. రుజువు చాలనిచో ముఖ్యమైన పనులకు అనుమతి నిరాకరింపవచ్చును, లోపము దిద్దుటకు నోటీసు ఇయ్యవచ్చును, పని ఆపింపవచ్చును, న్యాయస్థానమునకు ఈడ్వవచ్చును. సముద్రములోనికి, గాలిలోనికి విడుచు వ్యర్థములపై అదుపు మరియొక శాఖది. 1983 నవంబరులో సముద్రములోనికి మితిమీరి రేడియోధార్మిక పదార్థము విడువబడినప్పుడు ఆ ఒడ్డును అనవసరముగా వాడవద్దని ప్రజలను హెచ్చరించిరి. 1985లో కంపెనీకి 10,000 పౌనుల జరిమానా పడెను.

ఇన్ని ఏర్పాట్లున్నను లోపమెట్లు జొరబడునో తెలుపునది 2005 నాటి ఉదంతము. 1994లో పని ప్రారంభించిన థార్ప్ అను కొత్త శుద్ధి శాలలో, కరగిన ఇంధనమును తూచు తొట్టి ఒకటి వ్రేలాడదీయబడి యుండెను. అది కదలుచుండుటచే దానికి అమర్చిన గొట్టము అలసి, క్రమముగా బీటవారి, తెగెను. ఏప్రిల్ నెలలో కెమేరా లోపలికి పంపి చూచునప్పటికి నేలపై 83 ఘన మీటర్ల ద్రవము నిలిచి యుండెను. అందులో సుమారు 20 టన్నుల యురేనియము, 160 కిలోగ్రాముల ప్లుటోనియము ఉండెను. స్టెయిన్‌లెస్ ఉక్కు తొడుగు గల గదిలోనే అంతయు నిలిచినందున ఎవరికిని హాని కలుగలేదు.

అయితే ఆ కారుట నిన్న మొన్నటిది కాదు; నెలల తరబడి సాగినది. గది అడుగున ద్రవము చేరుచున్నదని తెలుపు సూచనలు 2004 ఆగస్టు నాటికే ఉండెను. పరికరములు చెప్పినవి, మనుష్యులు ఆలకింపలేదు. కొత్త శాలలో కారుట ఉండదన్న నమ్మకము వారి చెవులను మూసెను. రేడియోధార్మిక పదార్థము కారినచో వెంటనే తెలియునట్లు ఏర్పాటుండవలెనన్నది 36 షరతులలో ఒకటి. దానిని, మరి రెంటిని మీరినట్లు కంపెనీ ఒప్పుకొనెను. 2006 అక్టోబరులో న్యాయస్థానము 5 లక్షల పౌనుల జరిమానా విధించెను. 2007లో ఇన్‌స్పెక్టర్ల అనుమతి లభించిన పిదపనే శాలను తిరిగి తెరువగలిగిరి.

దీనివలన తేలునదేమి? ఇన్‌స్పెక్టరు ప్రతి గొట్టము ప్రక్కను నిలువజాలడు. కాని జరిగినదానిని బయటివాడు విచారించి, తప్పును పేరుపెట్టి చెప్పి, నివేదికను ప్రజల ముందుంచుట అచట సాధ్యమయ్యెను. 1957లో అది సాధ్యము కాలేదు. ఈ ఇన్‌స్పెక్టరేటు 2014 ఏప్రిల్ 1 నుండి స్వతంత్ర చట్టబద్ధ సంస్థగా రూపొందెను.

ఈ ప్రశ్న మన దేశమునకును దూరము కాదు. ట్రాంబేలో 1964లోనే ఇంధన శుద్ధి ఆరంభమయ్యెను. అణుశక్తి నియంత్రణ మండలి 1983లో గాని ఏర్పడలేదు. 2000లో భాభా అణు పరిశోధన కేంద్రపు సంస్థల పర్యవేక్షణను ఆ మండలి నుండి తీసి, కేంద్రపు లోపలి సమితికే అప్పగించిరి. మనము మొదట తలచిన గుమాస్తా నియమము ఇచట గుర్తుకు రాక మానదు.

సెల్లాఫీల్డులో ఇంధన శుద్ధి 2022 జూలైలో ముగిసెను. పర్యవేక్షణ ముగియలేదు. 1964లో పని ప్రారంభించిన పాత నిల్వ కట్టడము ఒకటి 2019లో మరల నేలలోనికి కారనారంభించెను. కర్మాగారమును మూయుటకు ఒక ఉత్తరువు చాలును. అది మిగిల్చినదానిని కనిపెట్టి యుండుటకు అనేక తరముల ఓర్పు కావలెను. ఆ ఓర్పును చట్టముగా నిలుపవలసినది ప్రభుత్వము. దానిని అడిగి రాబట్టవలసినవారు ప్రజలు.