ఎఱ్ఱదీపమునకు కాపలా

నాలుగు రోడ్లు కలియు కూడలిలో ఎఱ్ఱదీపము వెలిగినంతనే వాహనము ఆపవలెనన్నది అందఱెఱిగిన నియమమే. దీపమునకు ఆజ్ఞాపించు అధికారము కలదు గాని, ఆజ్ఞ మీఱినవానిని పట్టుకొను చేతులు లేవు. పోలీసు జవాను ఎదుట నిలిచియున్నంతసేపు అందఱును ఆగుదురు. అతడు లేనిచోట కొందఱి తొందర బయటపడును. ఆ తొందరకు బలియగువాడు ఒక్కొక్కప్పుడు ఆకుపచ్చ దీపమును నమ్మి అడ్డదారినుండి వచ్చిన నిరపరాధి. అట్టి దెబ్బ వాహనమునకు ప్రక్కనుండి తగులును. కారు ముందుభాగమున ఇంజను అడ్డుండును. ప్రక్కనో, మనిషికిని దెబ్బకును నడుమ తలుపు మాత్రమే యుండును. ఈ ప్రమాదమును తగ్గించుటకే పలుదేశములలో కూడళ్లయందు కెమేరాలు అమర్చిరి.

ఈ యంత్రమునకు మూలపురుషుడు మారిస్ గాట్సోనిడెస్ అను డచ్చి దేశీయుడు. ఆయన పోలీసు ఉద్యోగి గాడు. కార్ల పందెములలో ఆఱితేరినవాడు. 1953లో మాంటీ కార్లో ర్యాలీని గెలిచెను. మలుపులలో తన వేగమెంతయో కొలుచుకొని, ఇంకను వేగముగా పోవుటకై ఆయన ఒక సాధనమును కల్పించుకొనెను. వేగమును పెంచుకొనుటకు పుట్టిన ఆ సాధనమే తరువాత వేగమును అదుపుచేయు పనికి వచ్చినది. ఆయన 1958లో స్థాపించిన సంస్థయే 1965లో ఎఱ్ఱదీపపు కెమేరాను తెచ్చెను. అప్పుడు రోడ్డుకు అడ్డముగా గొట్టములు పఱచి, చక్రములు వానిమీదుగా పోయినప్పుడు కెమేరా పనిచేయునట్లు ఏర్పాటు చేసిరి.

తరువాత గొట్టముల స్థానమున తీగచుట్టలు వచ్చినవి. వాహనములు ఆగవలసిన తెల్లగీత దగ్గఱ రోడ్డును సన్నగా కోసి, అందు తీగను చుట్టి పూడ్చుదురు. ఆ తీగలో ఎడతెగక దిశ మార్చుకొను విద్యుత్తు ప్రవహించుచుండును. కారు దానిమీదికి వచ్చినపుడు కారు లోహములోను చిన్నచిన్న ప్రవాహములు పుట్టి, చుట్టయొక్క అయస్కాంత క్షేత్రమును కొంత తగ్గించును. ఆ మార్పును రోడ్డుప్రక్కనున్న యంత్రము పసికట్టును. కొద్ది ఎడముతో రెండు చుట్టలుండును గనుక, ఒకదానినుండి రెండవదానికి చేరుటకు పట్టిన కాలమునుబట్టి వేగమును లెక్కకట్టవచ్చును.

ఈ యంత్రమును దీపములను నడపు పెట్టెతో కలుపుదురు. ఆకుపచ్చ, పసుపు దీపములున్నంతసేపు అది ఊరకుండును. ఎఱ్ఱదీపము వెలిగి, సెకండులో కొద్ది భాగము గడచిన పిదప మేలుకొనును. అప్పుడెవరైనను ఆగెడి వేగముతో గాక, దాటిపోవు వేగముతో వచ్చినచో రెండు ఛాయాచిత్రములు తీయును. మొదటి చిత్రములో ఎఱ్ఱదీపమును, గీతకు ఇవతలనే యున్న వాహనమును కనబడవలెను. రెండవదానిలో అదే వాహనము కూడలి నడుమ కనబడవలెను. ఒక్క చిత్రము చాలదు. ఎఱ్ఱదీపము పడకముందే కూడలిలో ప్రవేశించి, మలుపు తిరుగుటకు వేచియున్నవాడు నిర్దోషి గదా! చిత్రములతోపాటు తేదీ, వేళ, వేగము, దీపము ఎఱ్ఱబడి ఎంతసేపైనది నమోదగును. పిదప నంబరునుబట్టి యజమానికి తాఖీదు పోవును. నేడు కొన్నిచోట్ల రాడారును, వీడియో కెమేరాలును తీగచుట్టల పని చేయుచున్నవి. సూత్రము మాత్రము మాఱలేదు.

అయితే న్యాయము ఎఱ్ఱదీపముతో మొదలు గాదు. దానికి ముందు వెలుగు పసుపు దీపముతో మొదలగును. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు సెకండుకు సుమారు 14 మీటర్లు పోవును. పసుపు దీపము చూచిన తరువాత కాలు బ్రేకుమీద పడుటకు ఒక సెకండు పట్టుననుకొందము. అప్పటికే 14 మీటర్లు గడచిపోయినవి. పెద్ద కుదుపు లేకుండ ఆగుటకు మఱి 32 మీటర్లు కావలెను. వెరసి 46 మీటర్లు. అంతకంటె గీతకు దగ్గఱగా నున్నవాడు దాటిపోవలసినదే. 46 మీటర్లు పోవుటకు సుమారు 3.3 సెకండ్లు పట్టును. పసుపు దీపము రెండే సెకండ్లు వెలిగినదనుకొనుడు. ఆ కాలములో 28 మీటర్లే పోవచ్చును. గీతకు 35 మీటర్ల దూరమున నున్నవాని గతి యేమి? సుఖముగా ఆగనూలేడు, వేళకు దాటనూలేడు. ఈ చిక్కును 1960లో డెనోస్ గాజిస్, రాబర్ట్ హెర్మన్, అలెక్సీ మరదూదిన్ అను శాస్త్రజ్ఞులు గణితముతో విశదపఱచిరి. పసుపు దీపపు కాలము చాలని కూడలిలో కెమేరా పెట్టుట, దారిలో గోయి త్రవ్వి అందు పడినవానికి జరిమానా వేయుటవంటిది.

కెమేరాలవలన ప్రమాదములు తగ్గినవా? అమెరికా కేంద్రప్రభుత్వ రహదారుల శాఖ 2005లో ప్రకటించిన పరిశోధనలో ఏడు ప్రాంతములలోని 132 కూడళ్లను పరిశీలించిరి. ప్రక్కనుండి తగులు ప్రమాదములు సుమారు 25 శాతము తగ్గినవి. వెనుకనుండి గ్రుద్దుకొనునవి సుమారు 15 శాతము పెరిగినవి. జరిమానాకు వెఱచి ముందువాడు చటుక్కున ఆగినచో, వెనుకవాడు ఆగలేకపోవుట సహజము. ప్రక్క దెబ్బలు సాధారణముగా మిక్కిలి తీవ్రములు గనుక, నష్టములన్నిటికిని వెలకట్టి చూడగా మొత్తముమీద కొంత లాభమే తేలినది. ప్రక్క దెబ్బలు ఎక్కువగా నున్న కూడళ్లలోనే ఆ లాభము అధికము. ప్రతి కూడలికిని కెమేరాయే మందని చెప్పుటకు వీలులేదు.

మన దేశములో 2019 మోటారు వాహనముల చట్ట సవరణ ఇట్టి ఎలక్ట్రానిక్ పర్యవేక్షణకు చోటిచ్చినది. 2021లో వచ్చిన నియమములు యంత్రమునకు ధ్రువపత్రము ఉండవలెననియు, కెమేరా ఉన్నదని తెలుపు హెచ్చరిక పలక స్పష్టముగా కనబడవలెననియు విధించినవి. ముందే హెచ్చరించినచో తప్పుచేయువాడు దొరకడు గదా యని కొందఱు శంకింపవచ్చును. దొరకకపోవుటయే కావలసినది. వాహనము ఆగినచో కెమేరాకు పనియే లేదు.

కావున పసుపు దీపము కనబడినప్పుడు నెమ్మదిగా ఆగగలిగినచో ఆగుడు. దానిని తొందరపెట్టు దీపముగా భావింపకుడు. ముందు వాహనము ఏ క్షణముననైనను ఆగవచ్చునని తలచి తగిన ఎడము పాటింపుడు. తాఖీదు వచ్చినచో రెండు చిత్రములను శ్రద్ధగా చూచుకొనుడు. ఇక పురపాలకులును, పోలీసువారును కెమేరాను తగిలించుటకు ముందు, గడియారము చేతబట్టి పసుపు దీపము ఎన్ని సెకండ్లు వెలుగుచున్నదో లెక్కించుట వారి విధి.