పొయ్యి కొనే ముందు

గ్యాస్ బండ అయిపోయింది. కొత్తది తెచ్చేందుకు చేతిలో డబ్బు లేదు. మళ్లీ కట్టెల పొయ్యి రాజేయాల్సిందే. చాలా ఇళ్లల్లో ఇదే బాధ.

మూడు రాళ్ల పొయ్యి పెడితే ఇల్లంతా పొగే. కళ్లు మండుతాయి. ఏళ్ల తరబడి ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు చెడతాయి. చంటిపిల్లలకు న్యుమోనియా వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కట్టెలు తప్పనప్పుడు, పొయ్యి అయినా మంచిది చూసుకోవాలి.

గొట్టం ఉన్న పొయ్యి: వేడిగాలి పైకి పోతుంది. దాంతోపాటే పొగ కూడా గొట్టంలోంచి బయటికి పోతుంది. గొట్టం ఇంటికప్పు దాటి పైకి ఉండాలి. తాటాకుకు, గడ్డికి తగలకూడదు. తగిలితే ఇల్లు అంటుకుంటుంది. గిన్నె పొయ్యి మీద సరిగ్గా కూర్చోవాలి. సందు ఉంటే పొగ ఇంట్లోకే వస్తుంది. గొట్టంలో మసి పేరుకోకుండా దులుపుతూ ఉండాలి.

గుళికల పొయ్యి: రంపపు పొట్టు వంటివి గట్టిగా ఒత్తి గుళికలు చేస్తారు. పొయ్యిలో చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది. మంట బాగా వస్తుంది. పొగ తక్కువ. కానీ ఫ్యానుకు కరెంటో, బ్యాటరీయో కావాలి. గుళికలు దగ్గర్లో దొరకాలి. ముందు గుళికల ధర అడగాలి. ఆ తర్వాతే పొయ్యి ధర.

1983లో ప్రభుత్వం పొగ రాని పొయ్యిల పథకం మొదలుపెట్టింది. లక్షల పొయ్యిలు పెట్టించారు. కొన్నిటికి ఇంట్లో గిన్నెలు సరిపోలేదు. కొన్నిటి గొట్టాలు పగిలాయి. బాగుచేసేవాళ్లు దొరకలేదు. చాలా పొయ్యిలు మూలన పడ్డాయి. 2002లో పథకం ఆగిపోయింది.

వంట చేసేది ఆడవాళ్లు. పొగ పీల్చేదీ వాళ్లే. అందుకని ఆడవాళ్లే ఇంటి గిన్నె తీసుకెళ్లి, పొయ్యి మీద పెట్టి చూడాలి. చెడిపోతే ఎవరు బాగుచేస్తారో అడగాలి. డబ్బు ఇచ్చేది ఆ తర్వాతే.